ఏ పనీ లేని ముప్పై మంది

సూరత్‌ల వడోద్ తెలుగు గల్లీకి వచ్చి వర్షిణి ఇల్లు ఎక్కడ అని అడిగితే సగం మందికి తెల్వదు. సీసాల పిల్ల ఇల్లు అని అడుగున్రి, గల్లీ మొత్తం లేచి తొవ్వ చూపెడ్తది.

రెండేండ్ల సంది ఆ పిల్ల చేస్తున్న పని గదే మరి. ఊరి అవతల సచిన్ అనే జాగల ఉన్న రంగుల మిల్లుల గేట్ల కాడ నిలబడుడు, షిఫ్టు దిగి వచ్చే మొగోళ్ల చేతిల తలా ఒక ప్లాస్టిక్ సీసా పెట్టుడు, "కాకా, జర ఇందుల పోసి తెచ్చియ్యరాదే" అని అడుగుడు. ముందుగాల వాళ్లు సిగ్గుతోని చచ్చిపోయిన్రు, తర్వాత నవ్విన్రు, ఆఖరికి అలవాటు పడ్డరు. ఇప్పుడైతే ఆమె బస్సు లేటైతే "బిడ్డ ఇంక రాలేదేంది" అని వాళ్లే ఆగుతున్నరు. మిల్లుల మందులు మనిషి ఒంట్లకు ఎంత పోతున్నయి, పోయి లోపల ఏం ఖరాబ్ చేస్తున్నయి అని పట్టుకునే చదువు ఆమెది. యూనివర్సిటీల పీహెచ్‌డీ. తండ్రి రఘుపతి సాంచల మీద బట్ట నేసేటోడు. "నా బిడ్డ విషాల డాక్టరు" అని రొమ్ము విరుచుకొని చెప్పుకుంటడు. గిట్టనోళ్లు "గింత చదివి ఉచ్చ మోసుడేంది" అని మూతి తిప్పుకుంటరు. వర్షిణి ఈ రెండు మాటలకు ఒక్క తీరుగనే నవ్వి, సంచి భుజాన ఏస్కొని పోతది. తన పని మీద ఆ పిల్లకు ఉన్న నమ్మకం చూస్తే ఎవరికన్న కుళ్లు పుట్టాలె.

ఆ నమ్మకమే ఒకపారి ఆమెను బోర్ల పడేసింది. మళ్ల లేపింది కూడ అదే అనుకోండ్రి.

ఇట్లాంటి చదువుకు పోలిక కావాలె. మందుల నడుమ పనిచేసేటోళ్లను ఒక్కళ్లనే కొలిస్తే ఏం తెలుస్తది? మందు వాసన తెల్వనోళ్లను కూడ కొలిచి పక్కన పెట్టాలె, అప్పుడు గదా తేడా కనబడేది. మిల్లులల్ల నలభై మంది మొగోళ్లు దొరికిన్రు. పోలికకు ముప్పై మంది కావాలె. వర్షిణి ఎక్కడికీ పోలే, తన గల్లీల ఆడోళ్లనే ఏరుకున్నది. "వీళ్లు ఏ రసాయనం ముట్టరని గ్యారంటీనా?" అని ఆమె గైడు నాణావటి మేడం అడిగితే, "మేడం, నేను ఆ గల్లీలనే పెరిగిన. ఒక్కొక్కరు ఏం కూర వండుతరో కూడ తెలుసు" అని తేల్చి చెప్పింది.

ఇగ ఫారాలు పట్టుకొని ఇల్లిల్లు తిరిగింది. "మీరు ఏం పని చేస్తరు?" అనేది మూడో ప్రశ్న. ముప్పై మందీ ఒక్కటే మాట చెప్పిన్రు: "మాకేం పని బిడ్డా, ఇంట్లనే ఉంటం." ఆ మాట చెప్తున్నప్పుడు ఒకామె ఒళ్లె సగం రాళ్లు అంటించిన చీర ఉన్నది. ఇంకొకామె వేళ్లకు ఎండిన గమ్ము తొక్కలు కట్టి ఉన్నది. అవి వర్షిణి కండ్లకు ఆనలే. ఎందుకంటే గల్లీల పని అంటే షిఫ్టు, గేటు, హాజరు. మొగడు డ్యూటీకి పోయినంక, పొయ్యి కాడి పని ఒడిసినంక, పొద్దుమీకిందాక కూసొని చీరల వ్యాపారం చేసే శేటు పంపిన చీరలకు మెరుపురాళ్లు అంటించుడు పని ఎట్లయితది? అది ఊకె కూసొని చేసేది. చేసేటోళ్లూ గట్లనే అనుకున్నరు, రాసుకునే పిల్లా గట్లనే అనుకున్నది. ముప్పై సార్లు 'గృహిణి' అని ముద్దుగ రాసి సంతకం పెట్టింది.

ఆ ముప్పై మందిల మొదటి పేరు సారక్కది. సారక్క ఎవరో కాదు, వర్షిణి పెదనాన్న సాంబయ్య భార్య. అన్నదమ్ములది ఒక్కటే ఇల్లు, కింద సాంబయ్య, మీద రఘుపతి. వర్షిణి తల్లి జ్వరంతోని పోయిన్నాడు పిల్లకు ఆరేండ్లు. అప్పటి సంది జడలు ఏసింది, బడికి పంపింది, ఇంటర్ల ఫెయిలైతే "మళ్ల రాయి, ఏమైతది" అని వెన్ను తట్టింది సారక్కనే. వర్షిణి ఎమ్మెస్సీ ఫీజు ఆమె రాళ్లు అంటించి కట్టింది. మరి ఆ ఫీజు ఎక్కడికెల్లి వచ్చిందో తెలిసి కూడ 'గృహిణి' అని రాసిందంటే, చదువుకున్నోళ్ల కండ్లు గట్లనే ఉంటయి.

నవంబర్‌ల ల్యాబు లెక్కలు వచ్చినయి. మేడం కాయితం ముందట పెట్టుకొని, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్ల పెట్టుకొని చూసింది.

"హెక్సేన్ చూడు" అన్నది.

హెక్సేన్ అంటే పెట్రోలుకు దగ్గరి చుట్టం. బంకలల్ల, థిన్నర్లల్ల కలుపుతరు. మూత తీస్తే చాలు గాలిల కలుస్తది. ఆ గాలి రోజూ పీల్చినోళ్లకు నరాలు కొసల నుంచి చచ్చుకుంట వస్తయి, ముందుగాల కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు. ఒంట్లకు పోయినంక అది రూపం మార్చుకొని మూత్రంల దిగుతది కాబట్టి సీసాల దొరికిపోతది. మిల్లు మొగోళ్ల సీసాలల్ల అది జరంత ఉన్నది. ఏ పనీ లేని ఆడోళ్ల సీసాలల్ల దానికి ఆరింతలు ఉన్నది.

"సీసాలు తారుమారయ్యాయి" అన్నది మేడం.

"కాలేదు మేడం. ప్రతి సీసాకు చీటీ నా చేతులతోని అంటించిన."

"అయితే నీ పోలిక గుంపు చెడిపోయింది. ఏదో తగిలింది వాళ్లకు. ఈ ముప్పై మందిని తీసెయ్. హాస్టల్ అమ్మాయిలను ముప్పై మందిని తీసుకో. మూడు నెలల్లో థీసిస్ ఇవ్వాలి, గుర్తుంది కదా?"

ఇంకొకరైతే బతుకు జీవుడా అని తల ఊపి వచ్చేటోళ్లు. థీసిస్ ఒడిసేది, పేరు ముందట డాక్టర్ అని వచ్చేది. వర్షిణి కుర్చీల నుంచి లేవలే.

"ముప్పై మంది ఒక్కసారి తప్పు కారు మేడం. తప్పు నా ఫారంల ఉండాలె. ఏందో పట్టుకొని వస్త, అప్పటిదాక ఒక్క పేరు కూడ కొట్టేయను" అన్నది.

మేడం ఆమె మొఖం చూసి కాయితం మడిచి పక్కన పెట్టింది.

వర్షిణి అటే బస్సెక్కి ఇంటికి వచ్చింది. పని దినం పగటి పూట ఇంటికి వచ్చుడు ఎన్నేండ్లకో. పొద్దుగాల ఏడింటికి పోయి దీపాలు పెట్టినంక వచ్చే మనిషి కద. గల్లీ మలుపు తిరిగేసరికి ముందట సారక్క కిరాణా కాడికెల్లి సామాను పట్టుకొని పోతున్నది. ఒక కాలుకే చెప్పు ఉన్నది. రెండోది పది అడుగుల ఎనుక తొవ్వల పడి ఉన్నది. ఆ ఉట్టి కాలు కంకర మీద పెట్టుకుంట, ఎదురైనోళ్లతోని ముచ్చట్లు చెప్పుకుంట పోతున్నది సారక్క.

వర్షిణి చెప్పు పట్టుకొని ఉరికింది. "పెద్దమ్మా, నీ చెప్పు జారిపోయింది, సోయి లేదా?"

సారక్క కిందికి చూసుకొని నవ్వింది. "ఇగో, చెప్పులు కూడ మీ పెదనాన్న తీరుగ చెప్పకుండనే పోతున్నయి" అన్నది. "తిమ్మిరి బిడ్డా. మూలమీది డాక్టరు షుగర్ కాళ్లు అన్నడు. టెస్టుల షుగర్ రాలే, అయినా సూదులు ఇస్తున్నడు. ఇంకో డాక్టరు వెన్నుపూస ఆపరేషన్ అన్నడు. వాని మొఖం. నేను సప్పుడు చేయలే."

"ఎన్ని దినాల సంది?"

"ఆరేడు నెలలు అయితుండొచ్చు. నీకు చెప్తే ఉచ్చ సీసా పట్టుకొని ఎంట పడ్తవని చెప్పలే."

ఆరేడు నెలలు. ఒక్కటే ఇంట్ల ఉండి, విషాల మీద చదువు చదువుకుంట, ఈ పిల్లకు తెల్వలే. వర్షిణికి సిగ్గయింది, తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఆ ఉట్టి కాలుకు చెప్పు తొడిగి సారక్క ఎనుక ఇంట్లకు పోయింది.

కింది అర్రల దర్వాజ మూసి ఉన్నది. తోసుకొని పోతే లోపల నలుగురు ఆడోళ్లు గుండ్రంగ కూసొని ఉన్నరు. ఒళ్లెల్ల చీరలు, నడుమ మూత తీసిన పసుపు రంగు గమ్ము డబ్బా. కిటికి మూసి, సందులల్ల పాతగుడ్డలు కుక్కి ఉన్నయి. పంకా బంద్. అందరి మొఖాల మీద చెమట కారుతున్నది. గుప్పుమని కొట్టింది వాసన. రాళ్లు అంటించే ఇంట్ల ఏదో ఒక గమ్ము వాసన ఎప్పుడూ ఉండేదే, తాళింపు వాసన తీరుగ అలవాటైపోయి ఇన్ని దినాలు ఆమె ముక్కు దాన్ని లెక్కల పెట్టలే. ఇయ్యాల లెక్కల పెట్టింది.

"పంకా ఎందుకు ఎయ్యలే?"

"పంకా ఏస్తే రాయి పెట్టకముందే గమ్ము ఎండిపోతది" అన్నది ఒకామె.

"కిటికి?"

"కిటికి తీస్తే మిల్లు మసి వచ్చి చీరల మీద పడ్తది. మరక పడితే శేటు వాపస్ పంపుతడు" అన్నది సారక్క. "అయినా ఆ పొగ మంచిది కాదు, తలుపులు మూసుకొని ఉండున్రి అని నువ్వే గదనే పోయినేడు గల్లీ మీటింగ్‌ల చెప్పినవ్? నీ మాట ఎవ్వరం జవదాటలే."

చెప్పింది. నిజమే. మైకు పట్టుకొని మరీ చెప్పింది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిల పడ్డదట. బయటి విషం రావొద్దని ముప్పై ఇండ్ల తలుపులు మూపిచ్చి, లోపలి విషంతోని ఆడోళ్లను బంద్ చేసి పెట్టింది.

వర్షిణి లటుక్కున కిటికి తీసింది. గమ్ము డబ్బా మీద మూత పెట్టింది. పంకా ఏసింది. రాళ్లు చెల్లాచెదరై ఆడోళ్లు లొల్లి పెట్టిన్రు. ఆమె వినలే. సంచిల నుంచి ఇనుప ఫోర్కు తీసింది. రెండు కాళ్ల చిమ్టా తీరుగ ఉంటది అది. కొట్టి కాలి బొటనవేలు ఎముక మీద పెడితే గుయ్యిమని వణుకు తెలుస్తది. నరం మంచిగుంటే తెలుస్తది, లేకుంటే తెల్వదు. అంతే, దానికి డిగ్రీలు అక్కరలేదు.

"కండ్లు మూసుకోన్రి. గుయ్యిమంటే చెప్పున్రి."

మొదటామె చెప్పలే. రెండో ఆమె, "పెట్టినవా?" అని అడిగింది. మూడో ఆమె మోకాలు దాక పోతెగని చెప్పలే. నాలుగో కాలు సంధ్యారాణిది. ఆ పిల్లకు కొత్తగ పెండ్లయింది, ఈ పనిల కూసొని ఇరవై దినాలే. ఫోర్కు తగలంగనే "అమ్మో, చక్కిలిగిలి" అని కాలు గుంజుకున్నది. ఇరవై దినాలామెకు తెలిసింది, నెలలకు నెలలు చేసినోళ్లకు తెల్వలే. వర్షిణికి ఇగ ల్యాబు కూడ అక్కర లేకపాయె.

ఆఖరికి సారక్క కాలు. బొటనవేలు, చీలమండ, ముంగాలు. ఫోర్కు చేతుల మోగుతున్నది. సారక్క కండ్లు మూసుకొని, పరీక్షల కూసున్న పిల్ల తీరుగ ఆ వణుకు కోసం ఎదురు చూస్తున్నది.

"ఎప్పుడు పెడ్తవే?" అన్నది.

ఆడోళ్లు ఒళ్లెల్ల చీరలు మడిచి పక్కన పెట్టిన్రు.

వాళ్లు పోయినంక వర్షిణి పెద్దమ్మ ముందట కూసున్నది. "రాళ్లు అంటించుడు పన్నెండేండ్ల సంది చేస్తున్నవ్. అప్పుడు లేని తిమ్మిరి ఇప్పుడెందుకు వచ్చింది? ఈ డబ్బా ఎప్పటి సంది?"

సారక్క చేతులు చూసుకున్నది. "పోయినేడు దసరా సంది" అన్నది. "అంతకు ముందు తెల్లగమ్ము ఉండె. నీళ్లల్ల కలిసేది. ఆరడానికి పూట పడ్తుండె. ఇంటి నిండ చీరలు పరిచి పెడితే, నైట్ షిఫ్టు దిగి వచ్చిన మొగోళ్లకు పండుకుందామంటే జాగ లేకపోతుండె. తొందరగ ఆరేది ఏమన్న ఉంటే పంపు శేటూ అని నేనే అడిగిన. ఓంప్రకాష్ శేటు ఈ పసుపు డబ్బా పంపిండు. మంచిగుందని ముప్పై ఇండ్లకు నేనే పంచిన. శేటు కాడ మాల్ తెచ్చేది నేనే గదా."

కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. "నా చేతులతోని పంచిన బిడ్డా" అన్నది మళ్ల.

వర్షిణి ఓదార్చలే. ఓదార్పు తర్వాత, ముందు కాళ్లు. "చూడు పెద్దమ్మా, దాచకుండ చెప్త. ఇట్లనే పోతే వచ్చే దసరాకు నువ్వు నడవవు. ఆపరేషన్లతోని, సూదులతోని కాదు. మందు ఒక్కటే, ఈ గాలి పీల్చుడు బంద్ చేసుడు. ఇయ్యాల్టి సంది. బంద్ చేస్తే నీ కాళ్లు నీకు వస్తయి, నాది పూచి."

"అంతేనా? అది పెద్ద పనా?"

"అంతే కాదు. బంద్ చేసినంక రెండు మూడు నెలలు ఇంకా ఖరాబ్ అయితది. ఆ విషం నరంల పెట్టిన చిచ్చు ఎంబడే ఆరదు. మెట్లు ఎక్కలేవు. చేతిలకెల్లి గిన్నెలు జారుతయి. అప్పుడు అందరు నన్ను తిడ్తరు, నీకు కూడ నా మీద డౌట్ వస్తది. అయినా డబ్బా ముట్టొద్దు. ఆ తర్వాత చచ్చిన నరం కొస రోజుకు ఆవగింజంత పెరుగుతది. చీలమండ కాడికెల్లి బొటనవేలు దాక అది నడిచి రావాలె."

"ఆవగింజంత" అని సారక్క నవ్వింది. "మందంటే తగ్గుతదంటరు. ఎక్కువైతదని చెప్పే డాక్టరును నిన్నే చూసిన." ఏడ్పు తుడుచుకొని లేచి గోడ పట్టుకున్నది. "దా. పంచినట్టే వాపస్ తేవాలె."

ఆ మాపటికి ఆ తిమ్మిరి కాళ్లతోనే ముప్పై గడపలు ఎక్కింది సారక్క. ప్రతి ఇంట్ల ఒక్కటే మాట చెప్పింది, "ఈ గమ్ము అడిగి తెచ్చింది నేనే, తప్పు నాదే, డబ్బా ఇటియ్యున్రి." కొందరు ఇచ్చిన్రు. కొందరు తిట్టి ఇచ్చిన్రు. ఒకామె తలుపు తియ్యకపోతే తీసిందాక గడపల కూసున్నది.

వర్షిణి ఒక డబ్బాను ల్యాబుకు ఇస్తే ఐదు దినాలకు కాయితం వచ్చింది. డబ్బాల సగం కంటే ఎక్కువ హెక్సేనే. గల్లీ అంతా వర్షిణిని మెచ్చుకున్నది. ఇల్లు అలకంగనే పండుగయితదా మరి? తెల్లారి ఓంప్రకాష్ శేటు స్కూటర్ మీద దిగిండు.

ఆయన చెడ్డోడేం కాదు, వ్యాపారం చేసేటోడు. "డబ్బా మీద పేరు కూడా లేదు బెహన్, నాకేం తెలుసు?" అన్నడు సారక్కతోని. "తెల్లగమ్ముతో చేస్తే రోజుకు సగం చీరలే వస్తాయి. మీకు కుదరదంటే వేరే గల్లీకి ఇచ్చుకుంటాను."

వర్షిణి మెట్లు దిగి వచ్చింది. "ఇచ్చుకోన్రి శేటూ. ఏ గల్లీకి ఇస్తే నా సీసాలు పట్టుకొని ఆ గల్లీకి వస్త. ఆ తర్వాత గల్లీకి కూడ వస్త. సూరత్‌ల ఎన్ని గల్లీలు ఉన్నయో మీకు తెలుసు, నాకు ఎంత ఓపిక ఉందో సచిన్ మిల్లులల్ల అడుగున్రి. లేదంటే తెల్లగమ్ము పంపున్రి, ఎక్కడికీ రాను."

గొంతు పెంచలే, కోపం చూపియ్యలే. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. శేటు ల్యాబు కాయితం రెండుసార్లు తిప్పి చూసిండు. వారం తిరిగేసరికి తెల్లగమ్ము డబ్బాలు దిగినయి. ఆడోళ్లు మసి పడకుండ దోమతెరలు కుట్టి, మిద్దె మీద చీరలు ఆరేసుడు మొదలు పెట్టిన్రు. పని సగమైంది, సణుగుడు రెట్టింపైంది.

ఇగ జనవరి వచ్చింది, సారక్క కాళ్లు చెప్పినట్టే ఖరాబయినయి. ముందట మిల్లు పొగ, ఎనుక గమ్ము పొగ అనుకుంట బతికిన మనిషి, ఇప్పుడు గమ్ము పొగ లేని గాలిల కూసొని కూడ గోడ పట్టకుండ లేవలేకపోయింది. చాయ్ గిలాస చేతిలకెల్లి జారి పగిలింది. ఫిబ్రవరిల మంచం దిగాలంటే సాంబయ్య రెక్క పట్టాలె. గల్లీల నోళ్లు ఊకుంటయా? "గమ్ము బంద్ చేస్తే తగ్గుతదన్నది, ఏమాయె? ఉన్న పని పోయె, ఉన్న కాళ్లు పోయె" అన్నరు. ముప్పైల పది మందికి తిమ్మిరి ఎక్కువైంది, వాళ్లందరు వర్షిణి కనబడితే మొఖం తిప్పుకున్నరు.

సాంబయ్య ఒకనాడు తట్టుకోలేకపోయిండు. "ముందుంది ముసళ్ల పండుగ అన్నట్టున్నది. ఏం చదువే నీది? మీ పెద్దమ్మ మీదనే పరీక్షలు చేస్తున్నవా? రేపు ఆపరేషన్ డాక్టరు కాడికి తోల్కపోత."

వర్షిణి జవాబు చెప్పబోయింది. ఆమె చేతిల కాయితం ఉన్నది. సారక్క సీసా ప్రతి వారం కొలుస్తున్నది, అంకె పడిపోతనే ఉన్నది, ఇప్పుడు సున్న. విషం ఒంట్లకెల్లి పోయింది. కాయితం అంటున్నది పోయిందని, కాళ్లు అంటున్నయి పోలేదని. పుస్తకం నిజమే, లెక్క నిజమే, తనకు తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం వర్షిణికి బుగులు పుట్టింది. నా లెక్క తప్పితే? పెద్దమ్మ ఇగ నడవకపోతే?

మాట్లాడింది సారక్క. మంచం మీదికెల్లి లేవకుండనే మొగని మీదికి గయ్యిమన్నది. "పిల్ల ముందుగాలనే చెప్పిందా లేదా? ఖరాబయితదన్నది, అయింది. చెప్పినట్టే అయితున్నదంటే చెప్పేదానికి తెలుసనేగా? ఆపరేషన్ డాక్టరు ఏం చెప్పిండు నీకు? ఏం చెప్పకుండనే కత్తి పట్టిండు. నేను యాడికీ రాను. నువ్వు పో కావాలంటే, నీ వెన్నుపూస కోపిచ్చుకొని రా."

సాంబయ్య చెప్పులు ఏసుకొని బయటికి పోయిండు. సారక్క వర్షిణి దిక్కు చూసి, "మొఖం అట్ల పెట్టకు. నువ్వే బుగులు పడితే నేనేం కావాలె?" అన్నది. వర్షిణి మంచం పట్టె మీద కూసొని ఏడ్చింది, చిన్నపిల్ల తీరుగ ఎక్కెక్కి ఏడ్చింది. మొఖం కడుక్కున్నంక నమ్మకం మళ్ల ఎప్పటి జాగలనే ఉన్నది.

ఆ నెలనే నాణావటి మేడంను గల్లీకి తోల్కొని వచ్చింది. మేడం పాత పసుపు డబ్బా మూత తీసి వాసన చూసి, ఎంబడే పెట్టేసింది. కిటికి సందులల్ల ఇంకా మిగిలిన గుడ్డ ముక్కలు చూసింది. ఆడోళ్ల కాళ్ల మీద తానే ఫోర్కు పెట్టి చూసింది. వర్షిణితోని బస్‌స్టాపు దాక నడిచింది. బస్సు వచ్చేముందట అన్నది: "మనం గుంపులను తలకిందులుగా పెట్టుకున్నాం వర్షిణీ."

"అవును మేడం. ఈ ముప్పై మందినే చదవాలె. మిల్లు మొగోళ్లే పోలిక. థీసిస్ ఒక ఏడు లేటయితది."

"కానివ్వు" అన్నది మేడం.

వర్షిణి తెల్లారే కొత్త ఫారాలు రాసింది. మూడో ప్రశ్న కొట్టేసి, 'పొద్దున లేచినప్పటి సంది పండుకునే దాక మీ చేతులు ఏమేం ముట్టుకుంటయి?' అని పెట్టింది. ఒక్కొక్కరు చెప్పుకుంట పోతే రెండు పేజీలు నిండినయి. "ఇంత పని చేస్తున్నమా మనం?" అని వాళ్లకు వాళ్లే నోరెళ్లబెట్టిన్రు.

మార్చి పోయింది. సారక్క కాళ్లు ఖరాబయ్యుడు ఆగింది గని, మంచిగయ్యుడు మొదలు కాలే. వర్షిణి దినాం పొద్దున ఫోర్కు పెట్టేది, సారక్క తల అడ్డం ఊపేది, వర్షిణి కాయితం మీద రాసుకొని బస్సుకు పోయేది. పదిహేను దినాలైనంక సారక్క, "ఇగ రోజూ వద్దు. తెలిసిన్నాడు నేనే చెప్త" అని ఫోర్కును సంచిల పెట్టిచ్చింది.

ఏప్రిల్ ఆఖరుకు ఎండలు ముదిరినయి. ఆదివారం పగటి పూట, బువ్వ తిన్నంక వర్షిణి కిందికి వస్తే మంచం ఖాళీగ ఉన్నది. సాంబయ్య నైట్ షిఫ్టు దిగొచ్చి గుర్రు పెట్టి పండుకున్నడు. గల్లీల చూసింది, లేదు. పక్కింట్ల సంధ్యారాణిని అడిగితే, "చీరలు చూసొస్తనని మిద్దె మీదికి పోయినట్టున్నదక్కా. మెట్ల మీద కూసుంట కూసుంట ఎక్కుతుండె" అన్నది.

సూరత్ ఎండ, పగలు రెండింటికి, సిమెంటు మిద్దె. మనుషులు చెప్పులతోని కూడ నిలబడలేరు. ఆ కాళ్లకు సోయి లేదు. కాలినా తెల్వదు, బొబ్బలు లేచినా తెల్వదు. తోలు ఊడిపోయిందాక అట్లనే నిలబడి ఉంటది. మెట్లు రెండు రెండు ఎక్కుకుంట ఉరికింది.

దోమతెరల కింద చీరలు మెరుస్తున్నయి. వాటి నడుమ సారక్క, చెయ్యి పిట్టగోడ మీద పెట్టుకొని, ఉట్టి కాళ్లతోని కదలకుండ నిలబడి ఉన్నది. మొఖం గట్టిగ ముడుచుకొని ఉన్నది. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి.

"పెద్దమ్మా, కాళ్లు తియ్యి, నీడకు రా, సిమెంటు కాలిపోతున్నది" అని ఒర్రుకుంట పోయి రెక్క పట్టుకున్నది వర్షిణి.

సారక్క ఆ చేతిని మెల్లగ ఇడిపిచ్చింది.

"తెలుసు బిడ్డా" అన్నది. "కాలుతున్నది. జరసేపు కాలనియ్యి."